నాగాయలంక దాకా నాలుగు పాటల సీడీ

ఈ ప్రయాణం చేసి చాలా ఏళ్లయింది. అప్పుడే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. యాభై దాటాక సాయంత్రం బడికి వెళ్లాను. చదవడం ముందొచ్చింది. బస్సు బోర్డులు, కొట్ల పేర్లు కూడబలుక్కుని చదివేదాన్ని. రాయడం మాత్రం లొంగలేదు. ముప్పై ఏళ్లు చేపలు కోసిన చెయ్యి పెన్సిలు పట్టుకుంటే దాని ముక్కు విరిగేది. ఒత్తులు పెట్టే చోట కాగితం చిరిగేది. మధ్యలో ఒకరిద్దరు వచ్చి, మీరు చెబుతుంటే మేం రాసుకుంటామన్నారు. వద్దన్నాను. నా పాటకే వేరేవాళ్లు అడ్డం పడ్డారు, నా మాటకి కూడా వేరేవాళ్ల చెయ్యి ఎందుకు? నేర్చుకున్నాకే రాస్తానన్నాను, ఇప్పుడు రాస్తున్నాను. విజయవాడ నుంచి దివిసీమ వైపు కారులో పాటలు పెట్టుకుని వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

మా పుట్టిల్లు నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న చేపలవాళ్ల పల్లె. పెళ్లయి విజయవాడ వచ్చాను. కృష్ణలంకలో ఉంటూ మార్కెట్లో చేపలమ్మాను. ఆ ఏడు మా తమ్ముడు వెంకటేశు కూతురికి పెళ్లి కుదిరింది. మగపెళ్లివారికి పడవలున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది.

మా పెళ్లిళ్లలో వియ్యాలవారు భోజనానికి కూర్చోగానే ఆడపెళ్లివారి ఆడవాళ్లు వాళ్లని ఎగతాళి చేస్తూ పాడతారు. వియ్యపురాలి నడక దగ్గర్నుంచి వాళ్ల వాకిట్లో కుక్క దాకా దేన్నీ వదలరు. అవతలివాళ్లూ ఊరుకోరు, ఆకుల ముందు కూర్చునే జవాబు పాడతారు. మా దాంట్లో వియ్యం కలిసేది అప్పుడే. ఈసారి మాత్రం మా కులపెద్ద పోలయ్య బాబాయి ఎగతాళి పాటలు వద్దన్నాడట. ఐసు ఫ్యాక్టరీవాళ్లకి కోపం వస్తే పిల్ల కాపురం ఏమవుతుందని భయపెట్టాడట. తమ్ముడు ఫోను చేసి ఆయన మాటే చెప్పాడు.

"ఈ రోజుల్లో పాటలు పెట్టెలోంచి వస్తాయి, ఆడాళ్ల బొంగురు గొంతులెందుకు అన్నాడక్కా. నువ్వేం అనుకోకు."

అనుకున్నాను. పిల్లకి మేనత్తని నేను. ఎగతాళి పాట ఎత్తుకోవలసింది నేనే. అది లేకుండా పిల్లని పంపితే, అడగడానికి వెనక ఎవరూ లేనట్టే ఆ ఇంటికి వెళుతుంది. పెట్టెతోనే కావాలంటే పెట్టెతోనే వింటారని చెప్పి ఫోను పెట్టేశాను.

మా వరసలో చేపలమ్మే నలుగురం ఆ ఒడ్డు నుంచే కోడళ్లుగా వచ్చినవాళ్లం. నలుగురం కలిసి గవర్నరుపేటలో ఒక స్టూడియోకి వెళ్లి నాలుగు పాటలు పాడాం. జవాబులు కూడా మేమే పాడేశాం, అవతలివాళ్లు అక్కడ లేరు కదా. స్టూడియో ఆయన అన్నీ కలిపి ఒక సీడీ చేసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు చెప్పాడు. అంచులు పట్టుకోవాలి. మెరిసే వైపు వేలు తగలకూడదు. కాగితం లేబుళ్లు అంటించకూడదు, లోపల వేడికి ఊడి సెట్టులో ఇరుక్కుంటాయి. ఎండలో వదిలేస్తే వంగిపోతుంది. తుడవాల్సి వస్తే మధ్య చిల్లు దగ్గర్నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, కంచం తుడిచినట్టు గుండ్రంగా తుడవకూడదు. అన్నిటికీ తలూపాం.

పెళ్లి ముహూర్తం పదకొండు దాటాక. పాటలు వద్దన్న పెళ్లికి ముందుగా వెళ్లనని నేను ఆ పొద్దున్నే బయల్దేరాను. మిగతా ఇద్దరికీ అంగడి వదిలే వీలు లేకపోయింది. నేనూ, మా తోటికోడలు నూకాలమ్మక్కా ఇద్దరమే. రహీం అని మా వీధి చివర ఉండే డ్రైవరు కారు మాట్లాడుకున్నాం. బస్సులో వెళ్తే సగం ఖర్చు. కానీ బస్సులో మన సీడీ ఎవరు వేస్తారు? రహీం కారులో కొత్తగా సీడీ సెట్టు పెట్టించాడు. దాని మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేవాడు కాదు.

ఆరింటికి కారు వచ్చింది. కొత్త పనికి వెళుతున్నామని నూకాలమ్మక్క కారు ముందు భాగానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. స్టీరింగుకి పెట్టింది. నా చేతిలో సీడీ చూసి, దీనికి పెట్టొద్దూ అంది. మెరిసే వైపు అద్దంలా ఉంది, అందులో మా మొహాలు కనబడుతున్నాయి. మొహం అటే ఉంటుంది కదా అని అక్కడే పెట్టింది. వేలు తగలకూడదన్న మాట మర్చిపోలేదు పాపం, కుంకం తడిపి అగ్గిపుల్లతో పెట్టింది.

బందరు రోడ్డు ఎక్కి కంకిపాడు దాకా మాటల్లోనే పోయాం. అక్కడ రహీం సీడీ తీసుకుని సెట్టులో పెట్టాడు. అది లోపలికి లాక్కుంది, కాసేపు గునిసింది, బయటికి తోసేసింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ తోసేసింది. తిప్పి చూస్తే ఎర్రగా బొట్టు.

"ఏంటి పిన్నిగారూ ఇది? నా కొత్త సెట్టు ఏం కావాలి?"

నూకాలమ్మక్క వెనక సీట్లో ముడుచుకుపోయింది. అద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డ తీసి రహీం ఒక్క తిప్పు గుండ్రంగా తిప్పేశాడు. నేను చెయ్యి పట్టుకునేసరికే ఆ తిప్పు అయిపోయింది. కుంకం పోలేదు, సగం సీడీకి అలుక్కుంది. ఇక ఇది పాడదు, తిరిగి వెళ్లిపోదామా అన్నాడు. బండి ముందుకే పోనిమ్మన్నాను.

ఏడున్నరకి ఉయ్యూరు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపించాను. కొట్టు నడిపే ఆవిడని చెంబుడు మంచినీళ్లు, మెత్తటి పాత నేత గుడ్డ అడిగాను. సబ్బు వద్దన్నాను. మెరిసే వైపు నీళ్లు సన్నగా ధార పోస్తూ, మధ్య నుంచి అంచుకి, మధ్య నుంచి అంచుకి తుడిచాను. ఆవిడ టీ వడపోయడం ఆపి చూసింది.

"అద్దానికి బొట్టు పెట్టడమెందుకు, మళ్లీ కడగడమెందుకండీ?"

"ఇది పాడే అద్దమమ్మా" అన్నాను. ఆవిడ నూకాలమ్మక్క వైపు చూసి, ఈవిడ బాగానే ఉందా అన్నట్టు కళ్లెగరేసింది. అక్క అంతసేపటికి నవ్వింది. నీడలో ఆరబెట్టుకుంటూ ఇడ్లీ తిన్నాం, టీ తాగాం. ఆరాక చూస్తే కుంకం పోయింది. గుడ్డ తిప్పిన చోట సన్నటి గీత ఒకటి మిగిలింది.

ఈసారి సీడీ నేనే పెడతానన్నాను. రహీం ఒప్పుకోలేదు. సెట్టు మీద ఇంగ్లీషు అక్షరాలుంటాయి, మీకేం తెలుస్తుందన్నాడు. నిజమే, నాకు తెలుగే కొత్త. కానీ బొమ్మలు చదవడానికి బడి అక్కర్లేదు. పైకి చూసే త్రికోణం కింద గీత ఉంటే సీడీ బయటికి వస్తుంది. గుండ్రటి మీట తిప్పితే గొంతు పెరుగుతుంది. కంకిపాడు దగ్గర అతను చేసిందంతా చూస్తూనే ఉన్నాను. ముందు గొంతు బాగా తగ్గించి, సీడీని అంచుల దగ్గర పట్టుకుని లోపలికి చూపించాను. నేను తొయ్యలేదు. అదే లాక్కుంది. మా గొంతులు వచ్చాయి. రహీం బండి తీశాడు.

పామర్రు దాకా మొదటి పాటే తిప్పి తిప్పి విన్నాం. అక్కడ కుడికి తిరిగాక రెండోది. కూచిపూడి దగ్గర కొబ్బరి బోండాలకి ఆగితే, బోండాలు కొట్టే అతను కత్తి పట్టుకునే విన్నాడు. ఎవరండీ ఆ పాడేదన్నాడు. వెనక కూర్చున్నావిడే అన్నాడు రహీం. అతను నన్ను చూశాడు, సెట్టును చూశాడు. "ఈవిడ ఇక్కడుంటే అందులో ఎలా పాడతారండీ, నన్ను వెర్రివాణ్ని చెయ్యకండి" అన్నాడు. నేను కిందకి దిగి, సెట్టుతో పాటు రెండు చరణాలు పాడి చూపించాను. బోండాలకి డబ్బు తీసుకోకపోతే పోట్లాడి ఇచ్చాను.

మూడో పాట అయ్యేసరికి చల్లపల్లి. అప్పటికి తొమ్మిది. ఎండ ముదిరింది. కారు లోపల వేడెక్కింది కాబట్టి సీడీ తీసి దాని డబ్బాలో పెట్టి, డబ్బాని చేతిసంచీలో తెల్ల తువ్వాలు మడత మధ్య పెట్టుకున్నాను. ముందు అద్దం కింద పలక మీద పెట్టనివ్వలేదు, అది అప్పటికే పెనంలా కాలుతోంది. మోపిదేవి దాటి అవనిగడ్డ నుంచి రోడ్డు గతుకులు. నాలుగో పాట వేద్దామా అని రహీమే అడిగాడు. వద్దన్నాను. కుదుపులకి లోపల గీసుకుంటుంది. నడిపేవాడి కళ్లు కూడా రోడ్డు మీదే ఉండాలి. అలా నాలుగో పాట వినకుండానే పది దాటాక పల్లెకి చేరాం.

పందిరి పక్కనే కారు పెట్టించాను. తమ్ముడు నా మొహం చూసి అక్కా, గొడవొద్దు అన్నాడు. గొడవేం లేదు, పాటలే తెచ్చానన్నాను. ముహూర్తం బాగా జరిగింది. మైకు సెట్టులో సినిమా పాటలు చెవులు వాయించాయి. వియ్యాలవారిని భోజనాలకి కూర్చోబెట్టాక మైకు అతను కూడా ఆకు ముందు కూర్చున్నాడు. ఒక్కసారిగా పందిరి మూగబోయింది.

రహీంని ఇంజను నడుస్తూ ఉంచమన్నాను, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. నాలుగు తలుపులూ తెరిచాం. సీడీ పెట్టి గొంతు మెల్లగా పెంచాను. ఒక్కసారిగా పెంచితే స్పీకర్లు చిరుగుతాయి. మొదటి పాట పందిట్లోకి వెళ్లింది. మా పల్లె ఆడవాళ్లు వడ్డన ఆపి తలలెత్తారు. పోలయ్య బాబాయి పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు.

"వద్దన్నాం కదే నిన్ను?"

"నన్ను పాడొద్దన్నావు బాబాయ్. నేను నోరు విప్పానా? పాటలు పెట్టెలోంచి రావాలన్నావు, వస్తున్నాయి."

ఆయన తమ్ముడి కోసం పందిట్లోకి కేకేశాడు. రెండు, మూడు పాటలు అయిపోయాయి. నాలుగోది వచ్చింది. అది వియ్యపురాలిని అడిగే పాట.

ఊరంతా చూసింది వియ్యపురాలా,
నీ పడవకు చిల్లెన్ని వియ్యపురాలా?

రెండోసారి 'చిల్లెన్ని' దగ్గర సీడీ పట్టేసింది. గుడ్డ తిప్పిన గీత అక్కడే ఉన్నట్టుంది. చిల్లెన్ని, చిల్లెన్ని, చిల్లెన్ని. నా గొంతే, ఆగకుండా. పెళ్లికొడుకు తల్లి కాశమ్మగారు ఎదురు వరసలో, పెద్ద అరిటాకు ముందు కూర్చుని ఉన్నారు. నాలుగు పడవల ఇల్లాలిని నా గొంతు పదేపదే అదే అడుగుతోంది. ఆమె కలిపిన ముద్ద కింద పెట్టేశారు. తమ్ముడు నా కాళ్ల మీద పడేట్టు వచ్చాడు. రహీం సెట్టు మీద గుద్దబోతే చెయ్యి తోసేశాను. కొట్టకూడదు, వేలు పెట్టి లాగకూడదు. త్రికోణం నొక్కితే చాలు. నా వేలు దాని మీదే ఉంది.

"పెట్టె కూడా పాడైంది. ఆపు ముందు" అన్నాడు పోలయ్య బాబాయి.

నేను నొక్కలేదు. అడగాల్సింది అడిగాం, జవాబు రాకుండా ఎందుకు ఆపాలి? కాశమ్మగారి మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. మేనకోడలు తల ఎత్తకుండానే కనుకొనల్లోంచి నన్ను చూస్తోంది.

కాశమ్మగారు లేచారు. కుడి చెయ్యి ఎంగిలి, అందుకని ఎడమ చేత్తో చెంగు దోపుకున్నారు. కారు వైపు తిరిగి గొంతెత్తారు.

చిల్లున్న పడవైతే వియ్యపురాలా,
నీ పిల్లనెట్ట ఎక్కిస్తివి వియ్యపురాలా?

అప్పుడు నొక్కాను త్రికోణం. పందిరంతా గొల్లుమంది. ఆ వరసలో ఉన్న వాళ్ల ఆడవాళ్లందరూ ఆవిడతో కలిసి ఇంకోసారి పాడారు. మేం స్టూడియోలో పాడుకున్న జవాబు దీని ముందు చప్పగా ఉంది.

"పెట్టెకే గొంతు పట్టేసింది బాబాయ్. మనుషులకి పట్టలేదు చూడు" అన్నాను. ఆయన మళ్లీ ఆపమనలేదు. వడ్డించే గరిటెలు పట్టుకునే మా ఆడవాళ్లు అందుకున్నారు, నేనూ అందుకున్నాను. పెరుగు దాకా అటూ ఇటూ పాటలు నడిచాయి. వెళ్లేటప్పుడు కాశమ్మగారు నా దగ్గరకొచ్చి, ఇన్ని పెళ్లిళ్లకి వెళ్లాను, మర్యాద ఎక్కువై ఎవరూ నన్ను ఏమీ అడగరు అన్నారు. పిల్లని గురించి బెంగపెట్టుకోవద్దని ఆవిడ అనలేదు. వచ్చే నెల వచ్చి మళ్లీ అడగమన్నారు.

నాలుగింటికి తిరిగి బయల్దేరాం. అదే గతుకులు, అదే చల్లపల్లి, ఉయ్యూరులో అదే టీ కొట్టు. పాడే అద్దం పాడిందా అని అడిగింది కొట్టావిడ. పాడింది, సగంలో ఆగింది, అదే మేలైందని నూకాలమ్మక్క చెప్పింది. కాలువ నీళ్ల మీద ఎండ పచ్చగా వాలుతోంది. రహీం దారంతా సెట్టు పెట్టలేదు, మమ్మల్నే పాడమన్నాడు. ఈ దారిలో వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. సీడీని ఎండ నుంచి, వేలి నుంచి, గుండ్రంగా తిరిగే గుడ్డ నుంచి కాపాడుకోండి. బొట్టు కారుకి పెట్టండి. వద్దన్నవాళ్ల పందిరి పక్కనే కారు ఆపండి.

మర్నాడు పొద్దున్నే చేపల గంప అక్కకి అప్పగించి స్టూడియోకి వెళ్లాను. ఇంకో సీడీ చెయ్యమన్నాను. నాలుగో పాటలో మేం పాడిన జవాబు తీసేసి, ఆ చోట ఏమీ లేకుండా ఉంచమన్నాను.

"ఏమీ వినబడకపోతే సీడీ పాడైందనుకుంటారమ్మా" అన్నాడాయన.

"అనుకోనీండి."

ఎంతసేపు ఖాళీ ఉంచాలని అడిగాడు. ఒక ఆడమనిషి ఆకు ముందు నుంచి లేచి, ఎడమ చేత్తో చెంగు దోపుకుని, గొంతు సవరించుకుని పాడేంతసేపు ఉంచమని చెప్పాను.