బచ్చలి తూము

మా ధర్మవరం వైపు స్నానాల గదిని బచ్చలి అంటాం. మా తోడికోడలిది కృష్ణా జిల్లా. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒక పొద్దున, "బచ్చలిలో నీళ్ళు తోడినాను, పోసుకోపో" అన్నాను. ఆ పిల్ల చెంబు పట్టుకుని పెరడంతా తిరిగి, బచ్చలి పాదు కనపడలేదని వెనక్కి వచ్చింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ గది చూసి ఆమె ముఖం చిట్లించడం నాకు గుర్తుండిపోయింది. నల్లబండ నేల, పెచ్చులూడిన గోడ, బోరు నీళ్ళకు బకెట్ల మీద తెల్లగా కట్టిన ఉప్పు పొర. దానికి బాత్రూమ్ అనే పేరు పెట్టాలంటే నాకే నోరు రాలేదు.

పోయిన ఉగాదికి వాళ్ళు వస్తామనగానే నడుం బిగించాను. బూజు దులిపాను, పాత డబ్బాలు పారేశాను, కొళాయిలను చింతపండుతో తోమి మెరిపించాను. అంతటితో ఆగితే బాగుండేది. మేస్త్రీని పిలిచి గోడలకు తెల్ల టైల్సు, నేలకు గరుకు టైల్సు వేయించాను. సబ్బులకో అర, ఒక అద్దం, కిటికీకి కొత్త రంగు. మార్చనిది ఒక్క తూమే.

అది మార్చడానికి నాకు హక్కు లేదు. ఆ తూము గోడకు అవతల ఉండే అవ్వ పెరట్లోకి పోతుంది. ఆమె వరస కలిసే బంధువు కాదు. వీధి వీధంతా అవ్వా అంటుంది, నేనూ అంటాను. చూపు ఆనినంత కాలం మగ్గాల వాళ్ళకు పట్టుదారం చుట్టింది. తూము నీళ్ళు పడేచోట ఆమె కరివేపాకు చెట్టు. గోడ కట్టేటప్పుడే మా అత్తా అవ్వా మాట్లాడుకుని అలా పెట్టించారట. మా స్నానాల నీళ్ళు చెట్టుకు, చెట్టు ఆకు మా తిరగమాతకు. వీధిలో సగం ఇళ్ళ చారు వాసన ఆ చెట్టుదే. నేను తొందరగా స్నానం ముగిస్తే గోడ అవతలి నుంచి వినపడేది.

"ఏమ్మా, కాకి స్నానం చేసినావా? నా చెట్టు గొంతన్నా తడవలా."

పని అయిపోయిన రోజు మేస్త్రీ వెళ్తూ చెప్పాడు. "రెండు రోజులాగి యాసిడ్ పోసి కడుక్కోక్కా, సిమెంటు మరకలు పోతాయి. ఆపక్క చెట్టుండాది కదా, తూముకు గుడ్డ కుక్కు. ఆ నీళ్ళు మగ్గుతో ఎత్తి వీధి కాలవలో పొయ్యి."

"సరేలేప్పా" అన్నాను.

రెండు రోజుల తర్వాత గుడ్డ చేతిలోనే ఉంది. యాసిడ్ ఘాటుకు కళ్ళు మండుతున్నాయి, దగ్గు వస్తోంది. వంగి వంగి ఆ నీళ్ళు ఎత్తాలి, అప్పుడే తుడిచిన ఇంట్లోంచి బకెట్టు వీధిదాకా మోయాలి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. గుడ్డ కిటికీలో పడేసి కడిగేశాను. ఒక సీసా చాలక రెండోదీ పోశాను. నురగ కక్కుకుంటూ ఆ నీళ్ళు తూములోకి పోవడం నిలబడి చూశాను.

పండగకు తోడికోడలు వచ్చింది. "అక్కా, మా ఇంట్లో కూడా ఇంత మంచి బాత్రూమ్ లేదు" అంది. ఆమె నోట ఆ మాట విని పొంగిపోయాను. పులిహోరలోకి కరివేపాకు అవ్వే తెచ్చి ఇచ్చింది. కొన్ని రెబ్బలు పసుపు తిరిగి ఉన్నాయి. వాటిని ఏరి పారేసి మిగతావి వేశాను.

పండగైన వారానికి అవ్వ గోడ దగ్గరికి వచ్చింది. "ఏమ్మా, చెట్టు ఆకు రాలుస్తాండాది. ఎందుకంటావు?"

"ఎండలు కదవ్వా. నీళ్ళు చాల్లేదేమో."

తడుముకోకుండా వచ్చింది ఆ మాట. అవ్వ నమ్మింది. మా వీధి కొళాయిలకు నీళ్ళు దినం విడిచి దినం వస్తాయి. ఆ పట్టుకున్న దాంట్లోంచే మర్నాటి నుంచి బిందెడు చెట్టుకు పోయడం మొదలుపెట్టింది. పుల్లమజ్జిగ కూడా పోసింది. తెల్లటి టైల్సు మధ్య నిలబడి నేను స్నానం చేస్తుంటే, అవతల బిందె నేలకు తగిలిన చప్పుడు వినపడేది. చెంబు ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు ఆమె తల అట్టలు కట్టి ఉండటం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగానే ఉండాను. మూడు దినాలకోసారి పోసుకుంటాండా. ఈ ముసలి ఒంటికి ఏం మట్టి అంటుతాది? ఆ నీళ్ళు చెట్టుకన్నా అయితాయి."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి పోయాను. చెట్టుకు ఒక్క ఆకు లేదు. కొమ్మ పట్టుకుంటే పుటుక్కున విరిగింది. అవ్వ చంకలోని బిందె వంచబోతోంది.

"పొయ్యొద్దవ్వా. నీళ్ళు చాలక కాదు. పండగ ముందర నేను యాసిడ్ పోసి బచ్చలి కడిగినాను. అదంతా తూములో పోయింది."

అవ్వ బిందె దించింది. చెట్టునూ, తూమునూ, నన్నూ చూసింది.

"మరి నీళ్ళు చాల్లేదంటివే. నేనే చూసుకోక చంపుకుంటినని ఇన్ని దినాలూ ఏడుస్తాంటినే."

తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్నేమో. ఆమె తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను ఓదారుస్తున్నట్టే అంది.

"పోనీలే. యాసిడ్ ఇట్ల చేస్తాదని నీకు మాత్రం ఏం తెలుసు? తెలీక పోస్తివి."

మేస్త్రీ మాట చెవిలో వినపడింది. ఆ గుడ్డ ఇంకా కిటికీలోనే ఉంది.

"అవునవ్వా, తెలీదు" అన్నాను.

అవ్వ బిందె మళ్ళీ చంకకెత్తుకుని, ఆ నీళ్ళతో స్నానం చేయడానికి లోపలికి పోయింది.