కేసెట్‌లో లేని మాండలిన్

మా భజన పాటల కేసెట్‌లో నా మాండలిన్ లేదు. రికార్డింగు జరిగిన రోజంతా వాయించింది నేను. ఇది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. రేడియో విని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ రికార్డింగు కోసమే గుంటూరు వెళ్లి కొత్త తీగలు తెచ్చి బిగించాను.

కేసెట్ రాగానే మాచర్లలో టీకొట్టు టేప్‌రికార్డర్‌లో రెండువైపులా విన్నాను. డోలక్ ఉంది. పాడినాయన దగ్గు కూడా ఉంది.

"నువ్వూ వాయించానంటివే మావా, యాడ?" అని కొట్టతను నవ్వాడు.

కేసెట్ తిప్పి మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాను.

నా వాయింపు ఏమైందని ఎన్నిసార్లు అడిగించినా పలకని రికార్డింగు చేసినతను, ఏడాది తర్వాత నరసరావుపేట బస్టాండులో ఎదురుపడి చెప్పాడు:

"నీ మైకు కలపలేదు బాబాయ్. నీ మాండలిన్ చెవినపడకపోతే పాడే ఆయన గొంతెత్తడు, అందుకని నిన్ను కూర్చోబెట్టాం. ఆయనకి వినపడింది గదా, ఇంకేంది?"