మేస్త్రి ఎక్కని లాంచీ

మా మేస్త్రి చనిపోయాడన్న కబురు నా ఫోనుకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నాకు వినపడలేదు. తాండూరులో మా రాళ్ల పాలిష్ యూనిట్‌లో మిషన్లు తిరుగుతుంటే చెవి పక్కన టపాకాయ పేలినా తెలియదు. మధ్యాహ్నం కరెంటు పోయి అన్నీ ఆగాక, అన్నం గిన్నె సంచిలోంచి ఫోను తీసి చూశాను. వికారాబాద్ ఆస్పత్రి నుంచి ఆయన బిడ్డ. తిరిగి చేస్తే ఒక్క మాటే అంది. "నాయిన పోయిండన్నా."

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు ఎత్తనప్పుడు." తప్పు పట్టలేదు. ఉన్న మాట చెప్పింది.

నాలుగు నెలల నుంచి దగ్గుతో మంచాన ఉన్నాడు. కాగితం మీద డాక్టరు ఏం రాశాడో నేను చూడలేదు. ముప్పై ఏండ్లు రాతి దుమ్ము మింగిన మనిషి దేనితో పోతాడో మా యూనిట్‌లో ఎవరినడిగినా చెప్తారు.

మీ ఇంట్లో తాండూరు నాపరాయి పరిచి ఉంటే, నీలమైనా పసుపైనా, అది ఆయన చెయ్యి తగిలిన రాయే కావచ్చు. గని నుంచి వచ్చిన పలకల్లో ఏది గట్టిది, ఏది లోపల పగిలిందో తేల్చడం ఆయన పని. పొద్దున్నే, మిషన్లు మొదలు కాకముందు, యార్డులో పలకను నిలబెట్టి, వేలు మడిచి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల వెంట్రుక మందం పగులున్నా మొద్దుగా పలుకుతుంది. ఆ పగులు కంటికి కనపడదు. ఎవరో ఇల్లు కట్టుకుని, వంటింట్లో గ్యాస్ సిలిండర్ దింపిన రోజు కనపడుతుంది. అప్పుడు సేటు మా మీద పడతాడు.

"రంగు చూసి మురువకురా, కొట్టి చూడు" అనేవాడు. పెండ్లి సంబంధాల గురించి, ఓట్లడగ వచ్చినోళ్ల గురించి కూడా అదే అనేవాడు.

ఎనిమిదితో బడి వదిలి, ఆరేండ్ల కింద నేను అక్కడ పనిలో చేరాను. మొదటి రోజే నన్ను తీసుకెళ్లి పలకకు అవతలి పక్క నిలబెట్టాడు. రెండుసార్లు కొట్టి, "మొకం ఇటు తిప్పు" అన్నాడు. తిప్పాను. నా మొకం ఒక క్షణం చూసి, పలక మీద సుద్దతో సున్నా చుట్టాడు. తర్వాతి పలక. "మొకం ఇటు తిప్పు." ఈసారి ఇంటూ గీశాడు. నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. నిజంగానే నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి ఆయన సుద్ద ముట్టకముందే ఏది పడుతుందో నాకు తెలిసేది.

ఒక రోజు నాకు పన్ను నొప్పి. ఆ పొద్దున ఆయన వరసగా ఇరవై పలకల మీద ఇంటూ గీశాడు. లారీ ఎక్కించే హమాలీ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం మేస్త్రీ, ఇయ్యాల గని మొత్తం కుళ్లిపోయిందా?" అన్నాడు. నేను ఒక పలక కొట్టి చూశాను. ఖంగుమంది. ఇంకోటి కొట్టాను. అదీ అంతే. తలెత్తేసరికి మేస్త్రి నా మొకమే చూస్తున్నాడు. అప్పుడు నాకు తెలిసింది. ఆయన అన్ని రోజులూ రాయిని వినలేదు. నన్ను చూశాడు.

నీళ్ల ట్యాంకు వెనక్కి చెయ్యి పట్టి లాక్కుపోయాడు. "సేటుకు చెప్తవా?"

"చెప్ప."

"మరైతే పన్ను పీకించుకో."

మిషన్ల మధ్య మేమందరం సైగలతోనే మాట్లాడుకుంటాం, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మేస్త్రి ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టేవాడు. రాయికి పెదాలు లేవు కదా. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక గుర్తు కుదిరింది. పలక గట్టిదైతే నేను ఒకసారి కళ్లు మూసి తెరవాలి. పగిలిందైతే ఊరికే చూడాలి.

ఆయన చెవులు తిన్నది ఆ మిషన్లే. వాటికి నీళ్లు పోయడానికి పైపులున్నాయి, గ్రీజు పెట్టడానికి మనిషున్నాడు. మా చెవులకు మేం ఇంటి నుంచి తెచ్చుకున్న దూది ఉంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా పళ్లు బిగుసుకుంటున్నాయి.

నేను ఇరుక్కున్నది కూడా అక్కడే. కరణ్‌కోట దిక్కు ఫ్యాక్టరీలో నాకు పని దొరికింది. పీఎఫ్ ఉన్న పని. ఆ బస్సు మా గేటు ముందు నుంచే పోతుంది. నేను పోతే మేస్త్రి మరునాడే దొరికిపోతాడు. ఆ మాట ఆయన మొకం మీదే అన్నాను, కోపంగా. "పోరా, నీ బతుకు నువ్వు చూస్కో" అన్నాడు. ఉండు అని ఉంటే పంతానికైనా పోయేవాణ్ని. పొమ్మన్న మనిషిని వదిలిపోవడం నా వల్ల కాలేదు. రోజూ ఆ బస్సు పోతుంటే చూస్తూ పలక వెనక నిలబడ్డాను.

ఇప్పుడు లాంచీ సంగతి. ఆయన గురించి ఎవరేమడిగినా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

కృష్ణానది మీద, కొండల నడుమ, పొద్దంతా తిప్పి తెచ్చే పెద్ద లాంచీ. మీరూ చూసే ఉంటారు, దాని ఫొటో లేని క్యాలెండర్ లేదు. మా యూనిట్ ముందు టిఫిన్ హోటల్ గోడకు కూడా ఒకటుంది. మేస్త్రి ఆ ఫొటో కింద బల్ల మీదే కూర్చునేవాడు. అక్కడ వేరేవాళ్లుంటే, ఛాయ్ గ్లాసు పట్టుకుని వాళ్లు లేచేదాకా నిలబడేవాడు.

రెండేండ్ల కింద కొత్త మిషన్ బిగిస్తున్నారని మూడు రోజులు పని ఆపారు. తుఫాన్ బండి మాట్లాడుకుని తొమ్మిది మందిమి బయల్దేరాం. టికెట్ ధర వినగానే అందరి కాళ్లూ ఆగిపోయాయి. ఒక్కొక్కరికి మూడు రోజుల కూలి.

"గా పైసలకు ఇంటిల్లిపాదికి మటన్ కూర అయితదిరా" అన్నాడు హమాలీ.

"నీళ్ల మీద కూసుండెటందుకు పైసలా?" అన్నాను నేను. "సేటు మనల మిషన్ల కాడ ముప్పొద్దుల నీళ్లల్లనే నిలవెడ్తుండు. గది ఉత్తగనే గద!"

నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ టికెట్ తీసుకున్నారు. ఇంత దూరం వచ్చి ఎక్కకుండా పోతే ఇంట్లో ఏం చెప్పాలి అని. నేను మాత్రం కదలలేదు. మేస్త్రి చొక్కా జేబులోంచి మడత నోట్లు తీశాడు. వరసలో నిలబడి ఒకే ఒక టికెట్ కొన్నాడు. తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పో."

"మరి నువ్వు?"

గొంతు తగ్గించాడు. "నేనెక్కి ఏం జేస్తరా? నాకేమన్న ఇనవడ్తదా? నీకు చెవులున్నయి. పోయి, ఇని రా."

మిగతావాళ్లతో, నీళ్లను చూస్తే కండ్లు తిరుగుతాయని చెప్పాడు. "ముప్పై ఏండ్లు నీళ్లల్ల నిలవడ్డోనికి కండ్లు తిరుగుతయంట!" అని హమాలీ ఒకటే ఎగతాళి. టికెట్ వాపసు తీసుకోరన్నారు. చింపేద్దామనుకున్నాను. అది ఆయన మూడు రోజులు. చింపలేక ఎక్కాను.

లాంచీ కదలబోతుంటే మేస్త్రి మెట్లు దిగి, పాదాలు నీళ్లలో పెట్టి, నేను కూర్చున్న పక్కకు వచ్చాడు. వేలు మడిచి లాంచీ ఇనుప గోడను రెండుసార్లు కొట్టాడు. "మొకం ఇటు తిప్పు!" అని అరిచాడు. నేను అటు తిరిగి కూర్చున్నాను.

బస్సయితే కోపమొచ్చిన చోట దిగిపోవచ్చు. లాంచీలో ఎక్కడ దిగుతావు? ప్లాస్టిక్ కుర్చీ, నెత్తి మీద స్పీకర్లో పాటలు, ఒకదాని మీద ఒకటి సెల్ఫీలు. పొట్లంలో చల్లారిన పులిహోర. కొండలు వస్తున్నాయి, పోతున్నాయి. గట్టున కూర్చున్న మనిషి తప్ప నాకేమీ కనపడలేదు. నన్ను పంపి తాను ఎందుకు ఉండిపోవాలి? నేనడిగానా? పలక వెనక నిలబెట్టింది చాలక ఇక్కడ కూడా నిలబెట్టాడు.

ఒక చోట కింద తిరిగే పంకాకు జాలర్ల వల చుట్టుకుంది. ఇంజన్ ఆపేశారు. దాంతో పాటలూ ఆగిపోయాయి. జనం గొణిగారు, తర్వాత వాళ్లూ ఊరుకున్నారు. రెండు పక్కలా ఎత్తైన బండ, పొర మీద పొర, మా యార్డులో పలకలు పేర్చినట్టే. అంత నిశ్శబ్దం నా బతుకులో నాకు ఎదురు కాలేదు. చేతిలో స్టీలు సీసా ఉంది. ఊరికే, అలవాటు కొద్దీ, ఇనుప కడ్డీని రెండుసార్లు కొట్టాను. ఎదుటి కొండ రెండుసార్లు కొట్టింది. ఆ వెనకాల ఇంకెక్కడో మరో రెండు, సన్నగా. మళ్లీ కొట్టబోతుంటే వెనక కుర్చీలో ఆమె, "ఊకో తమ్మీ, పాప పండుకున్నది" అంది. ఊరుకున్నాను. కాసేపటికి వల కోసేశారు, ఇంజన్ మొదలైంది, పాటలు మొదలయ్యాయి.

సాయంత్రం దిగేసరికి అదే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఎట్లుంది?"

"దండగ" అన్నాను. పోయి తుఫాన్ ఎక్కాను. బండిలో ఆయన మిగతా ఏడుగురినీ ఒక్కొక్కరినీ అడుగుతూనే వచ్చాడు. మరునాడు అన్నాల వేళ మళ్లీ నా దగ్గర కూర్చున్నాడు. ఆయన్ను వదిలించుకోవడానికి ఆ వల సంగతి, కొండ సంగతి, పాప సంగతి చెప్పాను.

"ఎన్నిసార్లు వచ్చింది?"

"రెండుదిక్కుల నుంచి. రెండోది సన్నగ."

ఆయన ఒకసారి కళ్లు మూసి తెరిచాడు. అన్నం కలుపుకున్నాడు.

మర్పల్లి దగ్గర వాళ్ల ఊళ్లో పదకొండో దినం నాడు, భోజనాలయ్యాక, ఆయన బిడ్డ నన్ను రేకుల షెడ్డు పక్కకు పిలిచింది. వికారాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది.

"అన్నా, ఒకటడుగుత. నాయినకు చెవి మిషన్ కొందామని కొన్ని పైసలు జమ చేసిన. ఇగ ఎవరికి మిషన్? గా లాంచీ ఉన్నది గద, నాయిన ఎక్కింది, అమ్మను దాంట్ల తీస్కపోదామనుకుంటున్న. రెండేండ్లు గదే ముచ్చట చెప్పిండు. ఇంజన్ బంద్ జేస్తే కొండ మాట్లాడిందట. రెండుదిక్కుల నుంచి, రెండోది సన్నగనట. వెనక కుర్చీల పాప పండుకున్నదట."

నా మాటలు, ఒక్కటి పొల్లుపోకుండా. నేను వదిలించుకోవడానికి చెప్పినవి. అబద్ధం ఆడడం నాకు రాదు. ఆడితే ఆ పైసలు లాంచీకి దండగైపోతాయి. నిజం చెప్తే పదకొండో దినం నాడు ఆయన్ను అబద్ధాలకోరును చేసినట్టు.

"చెల్లె, మీ నాయిన లాంచీ ఎక్కలేదు" అన్నాను.

"నాకెర్కనే."

"ఎట్ల?"

"ముచ్చటంత సప్పుడే గదన్నా. పక్కన కుక్కర్ కూస్తే ఇనవడనోనికి కొండ సప్పుడు యాడ ఇనవడ్తది? ఎవరో ఇని చెప్పిన్రనుకున్న. నువ్వేనా?" లోపల కూర్చున్న తల్లి వైపు చూసింది. "అమ్మకు తెల్వదు. నాయిన ఎక్కిండనే అనుకుంటది. ఇన్నది నువ్వు గాబట్టి నువ్వే చెప్పు. గన్ని పైసలకు పనికొస్తదా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ప్లాస్టిక్ కుర్చీ, స్పీకర్, చల్లారిన పులిహోర. "గా కొండ సప్పుడు టికెట్‌ల రాదు చెల్లె. వల చుట్టుకుంటెనే. మల్ల చుట్టుకుంటదని నేను మాటియ్యలేను."

"చుట్టుకోకపోతే?"

ఒక మనిషి ఎక్కకుండానే రెండేండ్లు దాని మీద తిరిగాడు. ఎక్కిన నేను ఒక్క రోజు కూడా తిరగలేదు. ఆ అమ్మకు ఆ కొండలు తెలుసు, ఏ కొండ దగ్గర ఏం చెప్పాడో తెలుసు. స్పీకర్ మోగితే మోగనీ.

"పోండి" అన్నాను. "కడ్డీ పక్కకు కూసోండి. స్టీలు సీసా తీస్కపోండి." ఆ మాట అంటూ ఒకసారి కళ్లు మూసి తెరిచాను. ఆ అమ్మాయికి ఆ గుర్తు తెలియదు.

ఇప్పుడు యార్డులో పలకలు కొట్టేది నేనే. ఎడమ చెవిలో అప్పుడప్పుడు గుయ్‌మంటోంది. కరణ్‌కోట బస్సు అదే వేళకు పోతుంది, నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు, అయినా ఇక్కడే ఉన్నాను. ఎందుకని నన్నే తిట్టుకుంటాను. పలక కొట్టిన ప్రతిసారీ ఆయన కనపడతాడు. పాదాలు నీళ్లలో పెట్టి, వేలు మడిచిన చెయ్యి ఇంకా దించకుండా, కదిలిపోతున్న లాంచీలో నా మొకం ఎప్పుడు ఇటు తిరుగుతుందా అని చూస్తున్నాడు.