టాకీసులో మా పెద్దమ్మ

మొన్న టీవీలో పాత సినిమా వస్తుంటే మనవరాలు కాసేపు చూసి, గయ్యాళి అత్త వేషం వేసిన నటిని చూపించి, "తాతా, ఈమె ఇంట్లో కూడా ఇంతేనా?" అని అడిగింది. ఆమె ఇంటి సంగతి నాకేం తెలుసు? మా ఇంటి సంగతి మాత్రం తెలుసు.

మార్కాపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. ఊరి బయట డేరా టాకీసు వేశారు. ఒకటే ప్రొజెక్టరు కావడంతో రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి. ఇంకో రీలు ఎక్కించేదాకా జనం సోడాలు తాగుతూ ఒకరినొకరు చూసుకునేవారు. కొందరికి సినిమా కన్నా అదే ఇష్టం. మా పెదనాన్నది పలకల వ్యాపారం, ఇంటి పెత్తనం పెద్దమ్మది. ఆ వారం ఇంట్లో ఒక పేచీ నడుస్తోంది. పెద్దమ్మ కోడలు, మా వదిన, గిద్దలూరులో తమ్ముడి పెళ్లికి పోవాలి. పెద్దమ్మ వద్దంది. "మీవాళ్లు దుకాణంలో మగోళ్లకు చెప్పి పోయినారు. ఇంటికొచ్చి నాకు బొట్టు పెట్టి పిలిచినారా?" అంటూ ముక్కుపొడుం పీల్చి, వేళ్లు ద్వారబంధానికి తుడిచింది. అట్లా తుడిచిందంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. వదిన వంటింట్లోకి పోయి, కళ్లనీళ్ల నేరం ఉల్లిపాయల మీద పెట్టింది.

ఆమెను ఊరడించడానికేనేమో, పెద్దమ్మే అందరినీ ఈ సినిమాకే, మొదటి ఆటకు తీసుకుపోయింది. పిల్లలం గనుక మేమూ ఆడవాళ్ల వైపే కూర్చున్నాం. తెరమీద కోడలు పుట్టింటికి పోతానంది. అత్త గడపలో అడ్డం నిలబడి, గడ్డం ఎత్తి, ముక్కుపొడుం పీల్చి, వేళ్లు ద్వారబంధానికి తుడిచింది. "దీని నోట మన్ను బడ! ఆ పిల్లను పోనీరాదా!" అని పెద్దమ్మ గట్టిగా తిట్టింది. సరిగ్గా అప్పుడే రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. ఆడవాళ్లంతా పెద్దమ్మనే చూస్తున్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నా వదినకు నవ్వు ఆగలేదు.

"ఏందే ఆ నవ్వు?"

"ఏం లేదత్తా."

"నా కాడ దాపరికమేంది? చెప్పు."

"ఆమె... నీ మాదిరే ఉందత్తా."

"నా మాదిరా? దాని ముక్కు చూసినావా, దొండకాయ మాదిరి!" అంది పెద్దమ్మ. కానీ ఆట అయ్యేదాకా పొడుం డబ్బీ బయటికి తీయలేదు.

తెల్లవారి కొడుకును పిలిచింది. "రైలుకు జట్కా చెప్పు. నీ పెండ్లాన్ని గిద్దలూరులో దింపి రా."

"బొట్టు పెట్టి పిలవలేదంటివి గదత్తా?" అంది వదిన.

"పిలవకుంటే పాయె. ఊరంతా ఆ తెరమీద దాన్ని చూసి నవ్వింది చాలు. ఇంక నన్ను చూసి గూడా నవ్వాల్నా?"

పత్రికలో పనిచేసిన కాలంలో సినిమా ఎందుకు నిలుస్తుందో చాలామంది చెప్పగా రాసుకున్నాను. కథ అన్నారు, పాటలన్నారు. ఆ సినిమాలో కథానాయకుడి ముఖం కూడా నాకు గుర్తులేదు. అత్త వేషం ఇంకొకరికి ఇచ్చి ఉంటే మాత్రం వదిన తమ్ముడి పెళ్లి చూసేది కాదు. చాలా ఏళ్లకు ఆ సినిమా మళ్లీ ఊరికొచ్చింది. అప్పటికి వదినకు ఇద్దరు కోడళ్లు. మేమూ వస్తామని వాళ్లు లేస్తే, "మీరెందుకులే, నేనొక్కదాన్నే పోయి చూసొస్తా" అన్నది. సరైన మనిషికి దక్కిన వేషం పాతబడదు. తరం మారినప్పుడల్లా చూసేవాళ్లలో ఇంకొకరిని పట్టుకుంటుంది.