కోట నగారా ఎంత దూరం

నిన్న మనుమరాలు కొత్త గద్వాల చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది, నాకు ఊపిరాడనట్టయింది. అందరికీ జరీ అంచు కనబడుతుంది. నాకు సంస్థానం రోజుల్లో మా ఇంటి గుంట మగ్గం, కిటికీ లేని ఆ గది, ఎండాకాలంలోనూ చెమ్మ ఆరని ఆ నేల, గుంటలోకి కాళ్లు దించుకుని పొద్దంతా కూర్చునే మా చిన్నమ్మ కనబడతారు.

పట్టు అంచును నూలు చీరకు కలుపుతూ నెయ్యాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి కోసమే కాబోలు మా చిన్నాన్నకు పెళ్లి చేశారు! పదేళ్ల పిల్ల, తెల్లవారకముందే గూడు బండిలో వచ్చి దిగిందట. కోడళ్లు గడప దాటరాదని మా నాయనమ్మ కట్టడి. అవ్వ అనేవాళ్లం ఆమెను. పెరట్లో చేదబావి ఉండగా వీధితో పనేమిటనేది. అందుకే చిన్నమ్మకు ఊరంతా చెవులతోనే తెలుసు: కంచరివాళ్ల సుత్తి దెబ్బలు, టాంగా గుర్రాల మువ్వలు, సాయంత్రం కోట నగారా. "నగారా శాన దూరంల మోగుతది, కోట ఏడనో ఉంటది" అనేది నాతో. ఒక్కసారి ఆ కోట చూడాలని ఎంత ఆశపడేదో!

అమావాస్యనాడు మగ్గం ఎక్కరు. అలాంటి ఒక అమావాస్యనాడే అవ్వ పుట్టింటి నుంచి చావు కబురొచ్చి, పెద్దలంతా చీకటితోనే బండి కట్టుకుని పోయారు. పొద్దెక్కాక చిన్నమ్మ కొంగు నిండుగా కప్పుకుని నా చెయ్యి పట్టుకుంది. ఏడేళ్ల ఆడపిల్లను, నాకూ మా సందు దాటడం అదే మొదలు. కంచరివీధిలో కొత్త బిందెల మెరుపు, కుప్పలు పోసిన జొన్నలు, బెల్లం మీద ముసిరిన ఈగలు, మిరపకాయల ఘాటుకు తుమ్ములు, ఒంటె మీద మూటలు కట్టుకుపోతున్న బేహారి, ఒకటేమిటి, కళ్లు చాలడం లేదు. ఇంతలో ఎత్తయిన మట్టిగోడ అడ్డమొచ్చింది. కోట ఎంత దూరమని చిన్నమ్మ ఒక గాజులామెను అడిగితే, ఆమె నవ్వి, నువ్వు ఆనుకున్నది కోటగోడే గదమ్మా అన్నది.

చిన్నమ్మ వెనక్కి తిరిగింది. మా సందు మొగదలి వేపచెట్టు తల అక్కడికే కనబడుతోంది.

"గింత దగ్గర్నేనా," అంది మెల్లగా. ఆ గోడ మొదట్లోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు భయమేసింది. దర్వాజ దాకా కూడా పోకుండానే ఇంటికొచ్చేశాం.

ఎవరు మోశారో, సంగతి అవ్వ చెవిన పడింది. తిట్టలేదు, కొట్టలేదు. ఆనాటి నుంచి ప్రతి అమావాస్యకూ గడపలో చాప పరుచుకుని కూర్చునేది. కోడలి కావలికే పుట్టింటి పెళ్లిళ్లు కూడా మానుకుంది. అలా ఏళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం చిన్నమ్మకు తల దువ్వుతూ, గొంతు తగ్గించి అడిగింది:

"కోట దర్వాజ శాన పెద్దగుంటదా?"

"నువ్వు సూడలేదా అత్తా?"

"నన్నెవరు తోల్కపోయిన్రు?" అంటూ చిక్కు తీస్తూనే ఉంది.

ఇప్పుడు టాంగాలు లేవు, నగారా లేదు, కోటగోడలు సగం కూలాయి, ఎవరైనా లోపలికి పోవచ్చు. మొన్న మా పాత సందు నుంచి దర్వాజ దాకా నడిచాను. ఈ మోకాళ్ల నొప్పులతో కూడా తమలపాకు నమిలినంత సేపే పట్టింది. వాళ్లిద్దరూ దాన్ని చూడకుండానే పోయారు.