సోరియా అల్లుడి ఓహూ

మాది సోరియా, ఉత్తరాన చలి ఊరు. నోరు తెరిస్తే ఒంట్లో వేడి బయటికి పోతుందేమోనన్నట్టు మావాళ్లు మాటలు పొదుపుగా వాడతారు. నా పెళ్లి కబురు విని మా నాన్న "మంచిది" అన్నాడు. కాస్త ఆలోచించి "సరే" అని కూడా అన్నాడు. ఆ ఏడాది మా ఇంట్లో జరిగిన సందడల్లా అదే.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను, ఫ్రోయిలాన్ అనే లిఫ్టు మెకానిక్కుని, ఉద్యోగం మీద దక్షిణాన సముద్రం ఒడ్డునున్న కాదిస్ వచ్చి అక్కడి పిల్ల సలూద్‌ని చేసుకున్నాను. కాదిస్‌లో ఎండ కాస్తే ఆశ్చర్యం, మబ్బు పడితే ఆశ్చర్యం, పదింటి బస్సు పదింటికే వస్తే మరీ ఆశ్చర్యం. అన్నిటికీ ఒకటే మాట: "ఓహూ!" ఉక్కపోతకి ఒక ఓహూ, ఎదురింటివాళ్లు కొత్త సోఫా కొంటే ఇంకో ఓహూ. కిటుకంతా సాగదీయడంలో ఉందట. నా చెవికి మాత్రం అన్నీ ఒకటే.

మా అత్తగారు రెగ్లాకి సముద్రపు గోడ వెనక సందులో చేపల వేపుళ్ల కొట్టు ఉంది. పెళ్లికి ముందు నన్ను భోజనానికి పిలిచి, వెనిగర్లో నానబెట్టి వేయించిన సొరచేప ముక్కలు పెట్టింది. అంత రుచి నా జన్మలో ఎరగను. నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి, "బాగుంది" అన్నాను.

బల్ల చుట్టూ ఉన్న పదకొండు మందీ నమలడం ఆపేశారు.

"ఏం నాయనా, వాసనొస్తోందా?" అంది రెగ్లా.

"లేదండీ, బాగుంది."

"ఉప్పెక్కువైతే చెప్పు, మొహమాటమెందుకు?"

"అబ్బే, చాలా బాగుంది."

"చూశారా, పాపం ఎలా దిగమింగుతున్నాడో!" అని ఆవిడ పళ్లెం లాగేసుకుని గుడ్డు వేయించి పెట్టింది. గుడ్డు కూడా బాగుందన్నాను. ఇంక నాకేమీ వడ్డించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పెళ్లైన ఏడాదికి, ఒక ఆదివారం పొద్దున్న, తనకి నెల తప్పిందని సలూద్ చెప్పింది. నేను "సరే" అన్నాను. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాత్రం, "సరే ఏంటి సరే? నేనేమైనా ఉల్లిపాయలు తెమ్మన్నానా?" అంది.

ఇక లాభం లేదని ఓహూ నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఇంటి గోడలు పల్చన. అందుకని లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని పని చేసుకుంటూ, చీకట్లో ఒక్కణ్ణే సాధన చేసేవాణ్ణి. లిఫ్టు తిరిగే ఆ గొయ్యిలో గొంతు బ్రహ్మాండంగా మోగేది. నాకు మహా ముచ్చటగా ఉండేది.

ఒకనాడు ఓ పాత మేడలో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయిందని పిలిచారు. లోపల పత్రోసీనియో అనే రిటైరైన టీచరుగారు ఇరుక్కుపోయారు. పైకెక్కి చూస్తే చిన్న మరమ్మతే. "పది నిమిషాలు" అన్నాను కిందికి. పనిలో పడ్డాను. ఐదు నిమిషాలకల్లా, లోపల మనిషి ఉందన్న సంగతే మరిచిపోయాను.

"ఓహూ!" అన్నాను. నచ్చలేదు. "ఓహూఊఊ! అమ్మోయ్! ఓరి దేవుడో, నా తల్లో!" అన్నాను ప్రాణం పెట్టి.

"ఏమైంది బాబూ? తాడు తెగిందా?" అని అడుగునుంచి కేక.

అప్పుడు గుర్తొచ్చింది, కింద టీచరుగారున్నారని. మనిషి కంగారుపడితే ఆదుకోవాల్సింది పోయి, "ఏం లేదు" అన్నాను, మా ఊరి గొంతుతో.

దేవుడో అని అరిచినవాడు చల్లగా ఏం లేదంటే కాదిస్‌లో ఏమనుకుంటారు? అంతా అయిపోయిందనుకుంటారు. ఆవిడ తలుపు సందులోంచి వీలునామా చెప్పడం మొదలుపెట్టింది: "నా పిచుక పంజరం చెల్లెలికివ్వండి! దాని మొగుణ్ణి మాత్రం గడప తొక్కనివ్వొద్దు!" మెట్ల నిండా జనం. ఎవరో ఫైరింజనుకి ఫోను చేశారు. అది వచ్చేలోపు లిఫ్టు కదిలింది. టీచరుగారు బయటికొచ్చి ముందు నన్ను కావలించుకుంది, ఆ వెంటనే చెంప పగలగొట్టింది.

నేను వెళ్లేసరికి కబురు అత్తగారి కొట్టుకి చేరిపోయింది.

"రెగ్లా, మీ అల్లుడు బతికున్నవాళ్లని పూడ్చేస్తున్నాడటగా!" అన్నారు వరసలో నిల్చున్నవాళ్లెవరో. అందరూ ఒకటే నవ్వు.

ఆవిడ జల్లిగరిటె పైకెత్తింది. "నోర్ముయ్! చేప కావాలా, వద్దా?" అని కసిరి, నన్ను లోపలికి లాక్కెళ్లింది. "ఏంటయ్యా ఈ అరుపులు?"

ఉన్నదంతా చెప్పేశాను. చేప తిన్ననాడు ఏడుపొచ్చిందని, బిడ్డ సంగతి విన్నప్పుడు పడిపోకుండా కుర్చీ పట్టుకున్నానని, నోటికి మాత్రం అదే మాట వస్తుందని.

రెగ్లా జల్లిగరిటె కింద పెట్టింది. "ఓహూ," అంది మెల్లగా. నాకు అర్థమైన మొదటి ఓహూ అది. ఆవిడ కాగితప్పొట్లం నిండా వేడి ముక్కలు నింపి చేతిలో పెట్టి, "పో, ముందు ఆ తల్లికి క్షమాపణ చెప్పు" అంది.

పత్రోసీనియోగారు పొట్లం తీసుకుని, నా కథ విని, కుర్చీ చూపించింది. "నలభై ఏళ్లు మొద్దుల్నే దిద్దాను. గురువారం సాయంత్రం ఆరింటికి రా." ఏడు నెలలు వెళ్లాను. ఆవిడ ఎర్ర పెన్సిలు పట్టుకుని, "మీ పక్కింటాయనకి లాటరీ తగిలింది, ఓహూ అను!" అనేది. అనేవాణ్ణి. "ఇది ఏడుపు. మళ్లీ."

పాప పుట్టిన రోజు ఆసుపత్రికి టీచరుగారూ వచ్చింది. నర్సు తలుపు తీసి పసిగుడ్డుని చూపించగానే నా నోట్లోంచి ఎంత ఓహూ వచ్చిందంటే, పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. లోపల ఇంకో ముగ్గురు పిల్లలు లేచి అందుకున్నారు. నర్సు నన్ను వరండాలోకి గెంటేసింది. అత్తగారు, బావమరుదులు, అందరూ బిడ్డనెత్తుకుని మురిసిపోతుంటే, కన్నతండ్రినై ఉండి నేను కిటికీ అద్దంలోంచి చూస్తూ నిల్చున్నాను.

టీచరుగారు పక్కకొచ్చి నిలబడింది. "శబ్దం మితిమీరింది. సందర్భం సరైందే," అని, ముక్కు తుడుచుకోమని నాకు చేతిరుమాలిచ్చింది. "పదికి ఐదు. గట్టెక్కావు పో."