మా మామగారి కంచంలో పప్పూ బీన్సూ

మా మామగారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. మద్రాసు పురసవాక్కంలోని మా ఇంట్లో, తన మంచం మీదే. అత్తయ్య కాఫీ కలిపి తెచ్చేలోగా అయిపోయింది. ఎనభై దాటిన మనిషి, పైగా కొంతకాలంగా మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదు. అందుకే వచ్చినవాళ్ళంతా నిండు జీవితమన్నారు, అదృష్టవంతుడన్నారు. కాదనను. కానీ నాకు ఆ మాటలేవీ ఇంకా ఒంటపట్టలేదు. వంటింట్లోకి వెళితే ఎవరితో వాదించాలో తెలియక ఊరికే నిలబడిపోతున్నాను.

ఉత్తర మద్రాసు బజారుతో పరిచయమున్న తెలుగువాళ్ళలో కొందరికి ఆయన తెలిసే ఉంటారు. తాతల నాటి పప్పుల టోకు కొట్టు వాళ్ళది. పెళ్ళికి వెళ్ళినా, గుడిలో అన్నదానానికి వెళ్ళినా, ముందు వంటశాలలోకి దూరి పప్పు బస్తాలో చెయ్యి పెట్టేవారు. ఒక గింజ తీసి పంటికింద వేసుకునేవారు. టక్కున విరిగితే తల ఊపేవారు. మెత్తగా నలిగితే "ఇది పాత సరుకు, ఎండలో పెట్టలేదు" అని ఎవరూ అడక్కపోయినా చెప్పేవారు. అత్తయ్యకు తల కొట్టేసినట్టుండేది.

నేనేమో ఆసుపత్రిలో డైటీషియన్ని. ఎవరేం తినాలో, ఏం తినకూడదో చెప్పడం నా ఉద్యోగం. పెరిగింది అంబత్తూరులో. మా నాన్న ఫ్యాక్టరీకి తీసుకెళ్ళే క్యారియర్‌లో బీన్స్ పొరియల్, అదే కొబ్బరి వేసిన వేపుడు, లేని రోజు ఉండేది కాదు. అలాంటి ఇంటి నుంచి పప్పుల కొట్టువాళ్ళింటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఒకరోజు వంట నాకు అప్పగించారు. నాకు తెలిసిన ఆరోగ్యసూత్రాలన్నీ కంచంలో పెట్టాను. బీన్స్ దండిగా, పప్పు కొంచెంగా. మామగారు కంచం చూసి, చెయ్యి కడుక్కోకుండానే అడిగారు.

"ఏందిమా ఇది? పచ్చ పుల్లలు ఇన్ని పోసి పప్పు చుక్క పెట్టినావు? మనది పప్పు కొట్టుమా, కూరగాయల బండి కాదు."

"బీన్స్ ఒంటికి మంచిది మామయ్యా."

"ఆమా, మంచిదే. ఆవుక్కూడా మంచిదే."

కొత్త కోడలిని, నవ్వొచ్చినా ఆపుకున్నాను. ఆయన మాత్రం ఆపుకోలేదు. అత్తవారింట నాకు భయం పోయింది ఆ రోజే. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఈ వాదన ఎన్నేళ్ళు నడిచిందో! నేను ఆసుపత్రి నుంచి రాగానే "ఈ రోజు ఎందురికి పప్పు మానిపించినావు?" అనేవారు. కాళ్ళు కడుక్కోకముందే నేను జవాబు చెప్పేదాన్ని.

కొట్టును మా ఆయనకు అప్పజెప్పి ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక, పొద్దుపోక ఆయన అత్తయ్యను సతాయించేవారు. ఆవిడ విసిగిపోయి ఒక చేటలో బీన్స్ పోసి, నార తీయమని ముందు పెట్టింది. పప్పుల వ్యాపారి చేతిలో బీన్సా అని మేమంతా నవ్వాం. ఆయన వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచారు. "ఇది మొన్న కోసినది" అన్నారు. రెండోది విరిచి, "ఇది పరవాలేదు" అన్నారు. అప్పటినుంచి అది ఆయన పనే అయింది. బీన్స్ తినడం ఇష్టంలేదు గానీ, కాయ మీద ఒక్క పోగు నార మిగిలినా ఒప్పుకునేవారు కాదు.

ఒక ఆదివారం అలా నార తీస్తూనే నన్ను నిలదీశారు. "సెరి, నువ్వు చదువుకున్నదానివి. పక్షపాతం లేకుండా చెప్పు. బలం పప్పులో ఉండాదా, దీంట్లో ఉండాదా?"

నేను కూడా చాప మీద కూర్చుని తీరిగ్గా చెప్పాను. ఉడికించిన పప్పు ఒక కప్పు, ఉడికించిన బీన్స్ ఒక కప్పు పక్కపక్కన పెడితే మాంసకృత్తుల్లో పోటీయే లేదు, పప్పు ఎక్కడో ఉంటుంది. ఇనుము, ఫోలేట్, చివరికి పీచు కూడా పప్పులోనే ఎక్కువ. అంతవరకు విని ఆయన చేట పక్కన పెట్టి అత్తయ్యను పిలిచారు, సాక్ష్యానికి.

"తొందరపడకండి, ఇంకా ఉంది" అన్నాను. బీన్స్‌లో చాలా భాగం నీళ్ళే, కనుక కడుపు నిండా తిన్నా ఒళ్ళు పెరగదు, రక్తంలో చక్కెర గబుక్కున ఎక్కదు. ఉడికిన పప్పులో వెతికినా దొరకని సి విటమిన్ బీన్స్‌లో కొంత ఉంటుంది, ఎ, కె విటమిన్లు కూడా. పప్పులోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే ఆ సి విటమిన్ తోడు కావాలి.

ఆయన మళ్ళీ చేట అందుకున్నారు. "అంటే మా సరుకు లోపలికి పోవాలంటే మీ బీన్స్ వచ్చి గేటు తెరవాల."

"అట్లే అనుకోండి."

"కమీషన్ ఏజెంటు అన్నమాట. సెరి, ఉండనీ."

"మీ ఇద్దరి పంచాయితీ తెగేసరికి మధ్యాహ్నమైపోతాది" అంటూ అత్తయ్య చేట లాక్కుని వెళ్ళి ఆ రోజు ఉసిలి చేసింది. నానబెట్టిన కందిపప్పు, శనగపప్పు బరకగా రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, పొడిపొడిగా చిదిపి, బీన్స్‌లో కలిపి తాలింపు వేసే కూర. తమిళుల ఇళ్ళలోనూ మా ఇళ్ళలోనూ మామూలే. మామగారు దానికి "రాజీ కూర" అని పేరుపెట్టారు. ఆ తర్వాత మా ఇంట్లో ఉసిలి అనే మాట వినపడలేదు.

ఆ సరదా అంతా మూత్రపిండాల జబ్బుతో పోయింది. పరీక్షల కాగితాలు చూడగానే నాకు అర్థమైంది. డాక్టరు డయాలసిస్ గురించి చెప్పారు. ఆయన వినలేదు. "ఆ మిషన్ వద్దు సార్. తిండితో ఎంత దూరం నడిస్తే అంత దూరం" అన్నారు. మా ఆయన బతిమాలినా, అత్తయ్య ఏడ్చినా అదే మాట. ఇక మిగిలింది తిండే. ఆ తిండి నా చేతిలో ఉంది.

అలసిపోయిన మూత్రపిండాలకు మాంసకృత్తులు ఎక్కువైతే భారం. పప్పులో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఎక్కువే. ఏ బలం చూసి ఆయన పప్పును మెచ్చుకునేవారో ఆ బలమే ఇప్పుడు ఆయనకు పడదు. నీళ్ళ బీన్సే మేలు. (ఇది చదివి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు పప్పు మానిపించకండి. ఒక్కొక్క ఒంటిదీ ఒక్కొక్క లెక్క, మీ డాక్టరునే అడగండి.) పప్పు తగ్గించాలన్న మాట ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు. పథ్యం రాసిన కాగితం పట్టుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఆయనే అడిగారు.

"పప్పేనా?"

"కొంచెం పెడతాను మామయ్యా. ముందులాగా కాదు."

"బీన్స్ గెలిచినాయిపో" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అంత మొండి మనిషి ఆ తర్వాత ఒక్కసారి కూడా మాట తప్పలేదు. మా ఆయన జాలిపడి దొంగతనంగా పప్పు వడ్డించబోతే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టారు. కొత్త పంట బజారుకు వచ్చినప్పుడు కొట్టు గుమాస్తా పొట్లాలలో నమూనాలు తెచ్చి ఆయనకు చూపించడం ఆనవాయితీ. ఈసారీ తెచ్చాడు. ఆయన ఒక్కొక్క పొట్లంలోంచి గింజ తీసి కొరికి, ఏది మంచిదో చెప్పి, కొరికిన పలుకులు అరచేతిలోకి తీసి నాకు చూపించారు. "చూడుమా, మింగలేదు" అన్నారు. నేను గదిలోకి వెళ్ళి ఏడ్చాను. పప్పు కోసం అంత బతుకు బతికిన మనిషికి పప్పును దూరం చేసినదాన్ని నేనే కదా అని. నా చదువు మీద నాకే కోపం వచ్చింది. ఆయనకు నా మీద మనసులో ఎక్కడైనా కష్టం ఉందేమో అన్న భయం నన్ను చివరిదాకా వదల్లేదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు ఆసుపత్రిలో డాక్టరు నన్నూ మా ఆయన్నీ బయటికి పిలిచి, ఇక పథ్యం అక్కర్లేదు, ఇష్టమైంది పెట్టండన్నారు. ఇంటికి వచ్చి నేనే కందిపప్పు వేయించి, మెత్తగా ఉడికించి, వేడి అన్నంలో నెయ్యి వేసి పట్టుకెళ్ళాను. దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. కంచం చూశారు. నా మొహం చూశారు.

"డాక్టరు చెప్పినాడా?"

నేను తలదించుకున్నాను. ఆ కంచానికి అర్థమేమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఒక ముద్ద తిన్నారు. కళ్ళు మూసుకుని నిదానంగా తిన్నారు. తర్వాత, "బీన్స్ యాడమా?" అన్నారు.

"ఈ రోజు వద్దులెండి మామయ్యా. మీకు ఇష్టం లేదు కదా."

"ఎవురు చెప్పినారు? నువ్వు చేసి పెట్టబట్టే కదా ఇన్నినాళ్ళు ఈడ కూచోనుండా. ఇష్టం లేకుండానే తిన్నానంటావా? పోయి తీసుకురా."

వంటింట్లో అత్తయ్య అప్పటికే బీన్స్ తరుగుతోంది, ఆయన మాట అక్కడికి వినపడింది. కాసేపట్లో వేయించి తెచ్చి కంచంలో ఓ పక్కన పెట్టాను. దంతాలు చాలావరకు పోయాయి, ఒక్కో ముక్క నమలడానికి చాలాసేపు పట్టింది. ఇక చాలు మామయ్యా అంటే వినలేదు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

కంచం తీసేటప్పుడు చూశాను. నెయ్యి వేసిన పప్పన్నం సగం అలాగే ఉంది. బీన్స్ ఒక్క ముక్క కూడా మిగల్లేదు.